సైరన్ మోగితే ఎటు వెళ్లాలి?

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే ఏం చెయ్యాలో మనలో ఏ ఇల్లాలినైనా అడగండి. స్టవ్ వెలిగించకూడదు, స్విచ్ ముట్టుకోకూడదు, రెగ్యులేటర్ కట్టేసి తలుపులూ కిటికీలూ బార్లా తియ్యాలి అని గబగబా చెప్పేస్తుంది. పదిమందీ పదేపదే చెప్పబట్టి ఒంటబట్టిన తెలివి ఇది. మరి ఊరి పక్క ఫ్యాక్టరీలో లీకైతే? అప్పుడు మాత్రం దిక్కులు చూడాల్సిందే.

1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో ఎల్.పి.జి. లీకై, మేఘంలా పరుచుకుని పేలిపోయింది. సుమారు 60 మంది చనిపోయారు. వేలాది మంది కట్టుబట్టలతో ఇళ్లు వదిలి పరుగెత్తారు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పల్లానికి పాకుతుంది. ఆ సంగతి పరుగెత్తేవాళ్లలో ఎందరికి తెలుసు? అదృష్టం బాగుండి బయటపడటం వేరు, తెలిసి బయటపడటం వేరు.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది పోయారు. సైరన్ మోగించనే లేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం మన అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో పేలుడుకి 17 మంది బలయ్యారు. ఒక్కొక్క కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. ఇవ్వాల్సిందే. కానీ పోయాక వచ్చే కోటి కన్నా ముందుగా అందే ఒక్క కాగితం ముక్క విలువైనది కాదూ?

ఆ కాగితం మనం అడుక్కునేది కాదు, చట్టం ఇచ్చిన హక్కు. భోపాల్ ఘోరం తర్వాత 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదానికి అవకాశమున్న ఫ్యాక్టరీ తన చుట్టుపక్కల జనానికి ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలియజెయ్యాలి. గోడ బయట అమలు చేసే రక్షణ ప్రణాళికకి ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ జరగాలి.

చెబితే జనం హడలిపోతారని కొందరంటారు. తుపాను హెచ్చరిక విని హడలిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఎవరు? 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ముందుగా చెప్పి తరలించబట్టే ఎన్నో ప్రాణాలు దక్కాయి.

పైగా ఇది ముఖ్యంగా ఆడవాళ్ల సమస్య. మగవాళ్లు డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్లాక ఇంట్లో ఉండేది చాలావరకు మనమూ, ముసలివాళ్లూ, చంటిపిల్లలూ. మంచం దిగలేని అత్తగారిని ఎవరు ఎత్తుకోవాలి? గాలి వాలు చూసుకుని పక్కకి తప్పుకోవాలా, ఇంట్లోనే ఉండాలా? వంటింటి గ్యాస్‌కి కిటికీలు తియ్యమన్నారు, బయటినుంచి విషవాయువు వస్తే అవే కిటికీలు బిగించాల్సి రావచ్చు. ఏ రసాయనానికి ఏది మంచిదో అక్కడ దాన్ని నిలవచేసేవాళ్లే చెప్పాలి. అదీ తెలుగులో, చదువురాని అమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పాలి.

పరవాడ, అచ్యుతాపురం చుట్టుపక్కల అక్కచెల్లెళ్లారా! వచ్చే డ్వాక్రా మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక, పంచాయతీ వాళ్లని పిలిచి ఒక్క మాట అడగండి. మన ఊళ్లో రిహార్సల్ ఎప్పుడు?