పాతాళగంగ ఎవరి సొత్తు?

మన సమావేశాల్లో ఊళ్ల కరువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక తీర్పు తయారుగా ఉంటుంది: "రైతుకు కరెంటు ఊరికే ఇచ్చారు, నీళ్లన్నీ తోడిపారేశాడు. మీటరు బిగిస్తే బుద్ధి వస్తుంది." ఇది సగం నిజం. ఆ సగం అసలు దోషిని దాచిపెడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తు వచ్చింది 2004లో. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. కాని బోర్ల పందెం అంతకు చాలా ముందే మొదలైంది. దాని వేరు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది. ఎవరి భూమి కింది నీరు వారు తోడుకోవచ్చునని దొరలు రాసిపెట్టారు. నీటికి గట్లు తెలుసునా? రాయలసీమలో, తెలంగాణలో రాతి పగుళ్లలో నిలిచే నీరు ఒక పొలం కింది నుంచి మరో పొలం కిందికి నడుస్తుంది. ఒకడు లోతుగా బోరు వేస్తే పక్కవాడి బావి ఎండుతుంది. వాడు అప్పు చేసి ఇంకా లోతుకు పోతాడు. చివరికి నీరు దక్కేది అవసరమున్నవాడికి కాదు, డబ్బున్నవాడికి. భూమిలేని కూలీకి ఆ నీటిలోనూ వాటా లేదు, ఉచిత కరెంటులోనూ వాటా లేదు. బోరుకు అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం తెచ్చారు. అమలు నామమాత్రం.

మీటరు పెడితే ముందు తప్పుకునేది చిన్న రైతే. పెద్ద కమతం బిల్లు కట్టి తోడుతూనే ఉంటుంది. ధర కొంత నీటిని మిగల్చవచ్చు, న్యాయాన్ని మిగల్చదు.

మరి దారేది? మనమున్న ఈ అమెరికాలోనే ఒకటి కనిపిస్తుంది. లాస్ ఏంజిలస్ పక్కన వెస్ట్ బేసిన్‌లో ఎవరికి వారు తోడగా సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది. అప్పుడు తోడేవాళ్లే సంఘంగా కూడి, కోర్టు సాక్షిగా ఒప్పందపడి, తలా కొంత తగ్గించుకున్నారు. 1965లో దీని మీదే పరిశోధన గ్రంథం సమర్పించిన ఎలినార్ ఆస్ట్రమ్ గారికి 2009లో నోబెల్ వచ్చింది. మన కరువు జిల్లాల్లోనూ 2000 దశకంలో రైతులే వాననూ బావుల మట్టాన్నీ కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలు ఎంచుకున్నారు. బుద్ధి రావాలంటే మీటరే కావాలని మనం అనుకున్నది వీళ్లనే!

మిత్రులారా, బోరు వేయించమని ఊరి నుంచి కబురు వస్తే, డాలర్లు పంపేముందు ఒక్క మాట అడగండి: ఈ నీరు ఎందరిది? ఎంత తోడాలో ఊరంతా కూర్చుని రాసుకున్నారా? రాసుకోకపోతే మన డాలరు పక్కవాడి బావిని ఎండగడుతుంది. దానికి దానమని పేరు పెట్టకండి.