దగ్గితే మిరపకాయదేనా తప్పు?

మాఘ, ఫాల్గుణ మాసాల్లో మా దాచేపల్లి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా కల్లాల నిండా మిరపకాయలే. గాలి ఇటు తిరిగిందంటే దారిన పోయేవారికి కూడా దగ్గు వస్తుంది. అందుకే ఇక్కడ ఎవరు దగ్గినా "మిరప ఘాటులే" అని ఊరుకుంటారు. ఈ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కల్లాలు ఎత్తేసి నాలుగు నెలలైనా మా అన్నయ్యకు దగ్గు తగ్గలేదు. కళ్ళె పరీక్ష చేయిస్తే క్షయ కాదన్నారు. ఆయనకు చుట్ట, బీడీ అలవాటు లేదు. దగ్గుమందు సీసాలు మాత్రం వరుసగా ఖాళీ అయ్యాయి. చివరకు అసలు సంగతి గమనించింది తొమ్మిదో తరగతి చదివే ఆయన మనవరాలు. "తాతయ్య గురక మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఊపిరి కూడా వినపడదు. కాసేపటికి ఉలిక్కిపడి లేచి దగ్గుతాడు" అంది. గడియారం పెట్టుకుని చూశాం. ఒకసారి 20 సెకన్లు ఊపిరి ఆగింది!

దీనిని స్లీప్ అప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడం గంటకు 5 సార్లో, ఆపైనో జరిగితే వైద్యులు దానిని జబ్బుగా లెక్కిస్తారు.

మరి దీనికీ దగ్గుకూ ఏమిటి సంబంధం? సూది లేని సిరంజి మూతిని వేలితో మూసి, లోపలి కాడను వెనక్కు లాగి చూడండి. లోపల పీడనం తగ్గి వేలు గుంజినట్లవుతుంది. గొంతు మూసుకున్నప్పుడు ఛాతీ కూడా గాలి కోసం అలాగే గుంజుతుంది. ఆ గుంజుడుకు కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నవచ్చు. గురక అదురుకు గొంతు పొరలు వాయవచ్చు. దగ్గు పుట్టడానికి ఇవే కారణాలు కావచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఇక్కడొక తమాషా ఉంది. మిరపకాయలోని ఘాటు పదార్థం పేరు కాప్సైసిన్. మన నాడుల చివర దానిని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్నది. ఆయన 2021లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకరు. అదే గ్రాహకం ఆమ్లానికి కూడా స్పందిస్తుంది. అంటే మిరపకాయా, కడుపులోని ఆమ్లమూ ఒకే గంటను మోగించగలవన్నమాట! గంట వినగానే "మోగించింది మిరపకాయే" అని తేల్చేస్తే అది శాస్త్రీయమా?

ముక్కుకు తొడుగు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ ప్రకటించారు. అలాంటి యంత్రాన్ని రాత్రిళ్ళు వాడాక, రెండు నెలల్లో అన్నయ్య దగ్గు చాలావరకు తగ్గింది. అలాగని ప్రతి దగ్గుకూ ఇదే కారణమనుకోకండి. ఉబ్బసం, పొగ, కొన్ని రక్తపోటు మాత్రలు కూడా దగ్గు తెప్పిస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కళ్ళె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.

మీ ఇంట్లో ఎవరైనా గురక పెడితే నవ్వకండి. మధ్యలో నిశ్శబ్దం వస్తే సెకన్లు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. డాక్టరుగారి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ కాగితాన్ని మీ పెద్దల చేతికివ్వండి.