కొమ్మ తీగకు కాపలా ఉందా?



ఈ నెల మా ఇంట్లో జరిగిన సంగతే చెప్తాను. తప్పు నాదే, ఇంకొకర్ని అనేదానికి లేదు.

రాబర్ట్‌సన్‌పేటలో మాది పాత ఇల్లు. కొడుక్కు పెళ్లయినాక వెనక ఒక రూము వేసినాము. వైర్‌మ్యాన్‌కు కూలి ఎందుకని, మెయిను దాటి పోయే లావు తీగకు నేనే ఒక సన్న తీగ ముడేసి, నేరుగా రూములో ప్లగ్గుల దాకా లాగినాను. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. ఇంకేం కావాల అనుకున్నాను.

ఒక పొద్దున కోడలు కరెంటు పొయ్యి పెట్టింది, 2000 వాట్లు. కొడుకు బకెట్లో హీటర్ రాడ్డు వేసినాడు, 1500. ఇస్త్రీ పెట్టె ఇంకో 1000. మొత్తం 4500. 230 వోల్టులతో భాగిస్తే దగ్గరదగ్గర 20 ఆంపియర్లు. నేను లాగింది 1 చదరపు మిల్లీమీటరు తీగ. కాలిన వాసన వచ్చి పోయి చూస్తే, తీగ మీది ప్లాస్టిక్కు కరిగి కారతా ఉంది. దాని కిందనే మనవరాలి ఉయ్యాల. పరిగెత్తి మెయిను ఆపినాను.

మెయినులో 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. అది పడలేదు. ఎందుకు పడుతుంది? 20 దానికి ఒక లెక్కా? అది లావు తీగకే కాపలా. మన కోలారు చెరువుల కింద సేద్యం చేసినోళ్లకు ఇది తెలుసు. పిల్లకాలువ గట్టు తెగితే పెద్ద తూముకు తెలీదు.

బెంగళూరు మిల్లులో ముప్పై ఏండ్లు రింగ్ ఫ్రేం నడిపినాను. పైన పోయే మెయిన్ లైను నుంచి మిషనుకు దిగిన తీగ నేరుగా మోటారుకు పోయేది కాదు. ముందు పక్కనున్న ఫ్యూజు పెట్టెలో ముగిసేది. ఆ పెట్టె మీది దూది రోజూ తుడిచినాను గానీ, అది ఎందుకుందని ఒక్క దినమూ అడగలేదు.

మన దేశంలో వైరింగుకు ఐఎస్ 732 అని ప్రమాణం ఉంది. తీగ ఎక్కడ సన్నమవుతుందో అక్కడే దానికి తగిన ఫ్యూజో ఎంసీబీయో ఉండాల. కొంచెం అవతల పెట్టాల్సి వస్తే 3 మీటర్లు దాటకూడదు. ఆ మధ్యలో ఇంకో కొమ్మ గానీ ప్లగ్గు గానీ తీయకూడదు. తీగకు దెబ్బ తగలకుండా చూసుకోవాల, కాలే వస్తువుల దగ్గర పోనీయకూడదు. అమెరికా నియమాల్లో కొలతలు వేరే గానీ, కొమ్మ తీగ పోయి తనకు తగిన కాపలాలోనే ముగియాల అనేది అక్కడా ఉంది.

తర్వాత లైసెన్సున్న వైర్‌మ్యాన్‌ను పిలిపించినాను. ముడి పక్కనే 25 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పైపులో లాగినాడు. రూములో ప్లగ్గులకు 16, లైట్లకు 10 ఆంపియర్లవి వేరేగా పెట్టినాడు. ఎంసీబీ ఫేజు తీగకే, న్యూట్రల్‌కు మాత్రమే పెడితే పనికిరాదు అని చెప్పి పోయినాడు.

శివనసముద్రం నుంచి మన గనులకు కరెంటు వచ్చింది 1902లో. అన్నేండ్లుగా కరెంటు చూసిన ఊరు మనది. అయినా నేను కూలి మిగిలిందని సంబరపడినాను. మీ ఇంట్లో కూడా వెనక రూముకో, మాడీకో ఎప్పుడో లాగిన కొమ్మ తీగ ఉంటే, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఈ ఆదివారమే చూపించుకోండి. చెయ్యి మాత్రం మీరు పెట్టొద్దు.