బుట్ట అల్లితే కులం, రంగేస్తే కళ!

(వాడ మాట – 17)

'హ్యాండ్‌మేడ్', 'ఎకో ఫ్రెండ్లీ', 'ట్రైబల్ ఆర్ట్'. నగరంలో ఎగ్జిబిషన్‌కి వెళ్తే బుట్ట పక్కన అట్టముక్క మీద ఇవన్నీ రాసి ఉంటాయి. అల్లిన మనిషి పేరు మాత్రం ఉండదు. పక్క స్టాల్‌లో ఎండిన సొరబుర్రకు చిల్లులు పెట్టి, లోపల బల్బు బిగించినవాళ్లు 'ఆర్టిస్టులు'. ఈతబరిగెలతో గంప అల్లిన ఎరుకలామె 'లబ్ధిదారు'. ఈ రెండు మాటల మధ్య దూరం పేరే కులం.

మా తెలుగు శాఖలేం తక్కువ తినలేదు. కవికి పేరు, కాలం, శైలి అన్నీ ఉంటాయి. బుట్టకు మాత్రం జానపద విజ్ఞానంలో 'వస్తు సంస్కృతి' అని ఒక మూల చూపిస్తారు. అక్కడ మనిషి ఉండడు, కులం పేరే ఉంటుంది.

"ప్లాస్టిక్ వచ్చి చంపేసింది, ఏం చేస్తాం?" అంటారు. అబద్ధం. ప్లాస్టిక్ కంటే ముందు చట్టం వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. వెదురుకు, ఆకుకు వెళ్లే దారి మూసుకుపోయింది. ఊరూరా తిరిగి ఉప్పు, బుట్టలు అమ్ముకున్న ఎరుకలవాళ్ల మీద 1911 చట్టం కింద 'నేరస్థ జాతి' ముద్ర వేశారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం 1952లో పోయింది. పోలీసు చూపు పోయిందా?

వెదురు గడ్డిజాతి మొక్క. 1927 భారత అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో వేసింది. కర్ణాటకలోని దండేలి కాగితం మిల్లుకు అదే వెదురును సర్కారు టన్ను రూపాయిన్నరకు ఇచ్చింది. బుట్టలల్లేవాళ్లు బజారులో దానికి వందల రెట్లు పెట్టి కొనుక్కున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది. 2017 సవరణ అడవి బయట పెరిగే వెదురునే చెట్ల లెక్కలోంచి తీసేసింది. ఇప్పుడు చెప్పండి, ఎవరు చంపారు?

ఇక సొరబుర్ర. వెదురుబొంగు కింద ఎండిన బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అంటిస్తే కిన్నెర. దాన్ని తరాలుగా మోసింది డక్కలివాళ్లు. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఎంతమందికి ఆ వాద్యం పేరు తెలుసు? మన గురించీ చెప్పుకోవాలి. మాదిగల కథ పాడిన డక్కలిని మాదిగవాడ కూడా గడప బయటే నిలబెట్టింది. పైవాణ్ని అడిగే నోరు పక్కవాడి ముందు మూగబోతే అది ఉద్యమం కాదు.

ఇంతా విని "అయితే కులవృత్తులను కాపాడుకుందాం" అంటారు కొందరు పెద్దమనుషులు. అక్కర్లేదు! ఎరుకల పిల్ల డాక్టర్ కావాలి, డక్కలి పిల్లాడు జడ్జి కావాలి. కులం శ్రమనే కాదు, శ్రామికులనే విభజించిందని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. మేమడిగేది వృత్తిని కాపాడమని కాదు, ఆ పనితనాన్ని కులం నుంచి విడిపించమని. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో బుట్ట అల్లకం, కిన్నెర తయారీ ఏ కులం పిల్లలైనా నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు ఆ అక్కలు, ఆ తాతలే కావాలి. లెక్చరర్‌కిచ్చే జీతమే వాళ్లకూ ఇవ్వాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కాలేజీ ఫెస్ట్‌కి వాళ్లను పిలిస్తే శాలువాతో సరిపెట్టకండి. పోస్టర్ మీద పేరు వేయించండి. గెస్ట్ లెక్చర్‌కి ఇచ్చేంత డబ్బు చేతిలో పెట్టించండి. ప్రిన్సిపాల్ "రూల్ లేదు" అంటే, ఆ రూల్ ఎవరు రాశారో అడగండి.

జై భీమ్!