నాన్న నొప్పికి మందుంది

వేసవిలో బాతెల్‌లో రాత్రి ఎనిమిదైతే విజయవాడలో మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. మనవాళ్లు పిల్లలకు అన్నం పెట్టి, వాట్సాప్ వీడియో తెరిచే వేళ అది. అప్పటికే అక్కడ నాన్నకు ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి ఉంటారు. ఫోన్లో కనపడేది ఆ నాన్నే. రాత్రి రెండింటికి నొప్పితో మూలిగిన నాన్న కనపడరు.

క్యాన్సర్ ముదిరింది, ఇక ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టర్లు చెప్పాక మన ఇళ్లల్లో మొదలయ్యే గొడవ ఒకటుంది. పక్కనుండి చేసేది అమ్మ, అక్క, వదిన. నిర్ణయం చెప్పేది మాత్రం డాలర్లు పంపే కొడుకు. "ఇంకో కీమో వేయించండి, హైదరాబాద్ తీసుకెళ్లండి, ఖర్చు నేను చూసుకుంటా" అంటాడు. ప్రేమ లేక కాదు, దగ్గర లేనన్న బాధ అలా మాట్లాడిస్తుంది. ఎక్కడో దూరాన ఉండి, చివర్లో ఊడిపడి, అన్నీ చేయాల్సిందేనని పట్టుబట్టే బంధువుకి అమెరికన్ డాక్టర్లు 'కాలిఫోర్నియా కూతురు' అని పేరే పెట్టుకున్నారు. 1991లో ఓ వైద్య పత్రికలో దీని మీద వ్యాసం కూడా వచ్చింది. (కాలిఫోర్నియాలో మాత్రం ఆ కూతురిది న్యూయార్క్ అంటారట!) మన దగ్గర ఆవిడ పేరు బాతెల్ కొడుకు అనుకోవచ్చు.

ఆ కొడుకు అడగాల్సిన మొదటి ప్రశ్న కీమో గురించి కాదు, మార్ఫిన్ గురించి. క్యాన్సర్ నొప్పికి మెట్టు మెట్టుగా మందులు పెంచుకుంటూ పోయి, అవసరమైతే మార్ఫిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మార్ఫిన్ తయారయ్యే నల్లమందు మన దేశంలోనే చట్టబద్ధంగా పండుతుంది. అయినా మన రోగులకే దొరకలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆస్పత్రులు దాన్ని ముట్టుకోవడమే మానేశాయి. కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టం సడలింది. ఇప్పటికీ ఇది వీధి చివర మెడికల్ షాపులో దొరికే మందు కాదు, గుర్తింపు ఉన్న ఆస్పత్రుల దగ్గరే దొరుకుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇంటికే వచ్చే బృందాలున్నాయి. "మత్తుకు అలవాటు పడిపోతారేమో" అని బంధువులు అడ్డం పడుతుంటారు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకి క్యాన్సర్ నొప్పికి వాడే మందు విషయంలో ఆ భయం చాలావరకు అనవసరం. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి విరేచనం మందు పక్కనే రాయించుకోవాలి. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుళ్లు పడతాయి. ఆకలి లేదంటే బలవంతంగా కుక్కకూడదు, తడిగుడ్డతో పెదాలు తడిపితే చాలు. ఇవన్నీ రాత్రింబవళ్లు చేసేది ఎవరు? మీరు పంపే డబ్బులో కొంత రాత్రి నర్సుకి ఇచ్చి, అమ్మని నాలుగు గంటలు నిద్రపోనివ్వండి.

"నాన్నకు మాత్రం చెప్పొద్దు" అనే మాట ఇంకొకటి. చాలామంది నాన్నలకు తెలుసు, మన కోసం తెలియనట్టుంటారు. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయన్నే అడగొచ్చు. పొలం కాగితాలు, తీర్చాల్సిన బాకీ, చూడాలనుకునే చెల్లెలు... ఆయన పనులు ఆయనకుంటాయి.

ఇక్కడికే తెచ్చేసుకుందాం అనుకునేవాళ్లూ ఉన్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవారి ఇన్సూరెన్సు సాధారణంగా ముందే ఉన్న క్యాన్సర్‌కి పైసా ఇవ్వదు. గ్రీన్‌కార్డు ఉన్నా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేని తల్లిదండ్రులు ఐదేళ్లు నివాసం ఉంటేగాని మెడికేర్ కొనుక్కోలేరు. మెడికేర్ ఉంటే మటుకు, ఆర్నెల్లకు మించి బతకరని డాక్టర్లు రాసిస్తే హాస్పిస్ నర్సు ఇంటికే వస్తుంది. 1980ల నుంచీ ఉన్న సదుపాయమిది. మన పక్కనే కిర్క్‌లాండ్‌లో ఎవర్‌గ్రీన్ హెల్త్ వాళ్లు ఈ సేవ చేస్తున్నారు.

కాబట్టి ఎక్కువమందికి ఉన్న దారి మనం వెళ్లడమే. 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, యాభైమందికి పైగా పనిచేసే సంస్థలో ఏడాది నిండినవారికి తల్లిదండ్రుల సేవ కోసం జీతం లేకుండా 12 వారాల సెలవు హక్కుగా వస్తుంది. ఇండియా డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టూ చెల్లుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 నుంచి జీతంలో కొంత భాగం ఇచ్చే సెలవు కూడా ఉంది. ఇంత ఉన్నా మనవాళ్లు ఆ సెలవుని 'అసలు అవసరం' వచ్చేదాకా దాచుకుంటారు. అంటే ఎప్పటికి? సియాటిల్ నుంచి ఎటు తిరిగి వెళ్లినా ఇంచుమించు ఒక రోజు ప్రయాణం. ఫోన్ వచ్చాక టికెట్ కొన్నవారు అందుకునేది కర్మకాండనే. వీసా స్టాంపింగ్ దొరక్క అక్కడే ఇరుక్కుంటామన్న భయం నిజమే, తీసిపారేయలేం. అయినా ఆయన మాట్లాడగలిగినప్పుడు వెళ్లిన మూడు వారాలు, తర్వాత వెళ్లే మూడు వారాలు ఒకటి కావు.

ఉగాదికి, దీపావళికి హాలు నింపగలిగిన మన సంఘాలు ఓ ఆదివారం బాతెల్ దేవాలయం దగ్గర హాస్పిస్ నర్సునొకరిని, సెలవుల చట్టం తెలిసిన లాయరునొకరిని పిలిచి కూర్చోబెట్టలేవా? పులిహోర ఎలాగూ ఉంటుంది. ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో చూడండి, సగంమంది నాన్న రిపోర్టులు ఫోన్లో పెట్టుకుని వస్తారు.