ఎవరి మాటా వినని కుంచెలు

ఫిబ్రవరి వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మన పిల్లలు బడిలో మార్టిన్ లూథర్ కింగ్ గురించో, రోజా పార్క్స్ గురించో రాసుకొచ్చి ఇంట్లో చదివి వినిపిస్తారు. నల్లజాతి పోరాటం పాటల్లో, ప్రసంగాల్లో, ఫొటోల్లో మనకు పరిచయమే. మనిషి బొమ్మ ఒక్కటీ లేని చిత్రాల్లోనూ అది అంతే గాఢంగా ఉంది. నల్లజాతి చరిత్ర మాసంలో వెలువడే ఈ సంచికలో ఆ నైరూప్య చిత్రకారులను తలుచుకోవాలనిపించింది.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్‌ను కాల్చి చంపారు. మరుసటి ఏడాది వాషింగ్టన్ చిత్రకారుడు శామ్ గిలియం ‘ఏప్రిల్ 4’ వేశారు. దాదాపు 9 అడుగుల ఎత్తు, 15 అడుగుల వెడల్పు. కాన్వాసును రంగుతో తడిపి, ఆరకముందే మడిచి వదిలేయడం ఆయన పద్ధతి. విప్పి చూస్తే మడతల జాడలు, ఇంకిపోయిన ఊదారంగు, దాని మీద ఎర్రటి మరకలు. కింగ్ ముఖం లేదు, తుపాకీ లేదు. ఉన్నదల్లా తేదీ. ఆ తేదీ తెలిసినవాళ్లకు ఆ మరకలేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఇలా గీసి నిలబడటం తేలిక కాదు. పెద్ద మ్యూజియంలు నల్లజాతి కళాకారులకు తలుపులు సరిగ్గా తెరవలేదు. ఇటు ఉద్యమంలోని తోటివాళ్లూ నిలదీశారు: జనం వీధుల్లో దెబ్బలు తింటుంటే ఈ రంగుల వల్ల ఎవరికేం ఒరిగింది? న్యాయమైన ప్రశ్నే. నైరూప్య చిత్రం కూడా రాజకీయమేనని, చూసేవాళ్లను అలవాటైన ఆలోచనల నుంచి కదిలిస్తుందని గిలియం చివరిదాకా వాదించారు. 1971లో హ్యూస్టన్‌లో చిత్రకారుడు పీటర్ బ్రాడ్లీ మరో జవాబు చూపించారు. నల్లజాతి పేదల పేట ఫిఫ్త్ వార్డ్‌లో, పాత డీలక్స్ సినిమాహాలులో, నల్ల, తెల్ల చిత్రకారుల నైరూప్య చిత్రాలను పక్కపక్కన పెట్టి ఆ పేటవాళ్లను రమ్మన్నారు.

మరో నైరూప్య చిత్రకారిణి ఆల్మా థామస్ 1891లో జార్జియాలోని కొలంబస్‌లో పుట్టారు. అక్కడి గ్రంథాలయంలోకి నల్లజాతి పిల్లలను రానిచ్చేవాళ్లు కాదు. వాషింగ్టన్ చేరి, 1924లో హోవర్డ్ విశ్వవిద్యాలయ చిత్రకళా శాఖ తొలి పట్టభద్రురాలయ్యారు. 35 ఏళ్లు బడిపిల్లలకు బొమ్మలు నేర్పారు. 1963లో వాషింగ్టన్‌లో జరిగిన పౌరహక్కుల ఊరేగింపులో నడిచారు, దాన్ని చిత్రించారు కూడా. ఆ తర్వాతే, డెబ్బై దాటాక, కిటికీ అవతలి చెట్టు ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుగును చూస్తూ చిన్నచిన్న రంగుముక్కలను వరుసలుగా, వలయాలుగా పేర్చడం మొదలుపెట్టారు. మనిషి మనిషికి చేసే కీడు మీద కాక అందం మీద, ఆనందం మీద మనసు పెడతానన్నారు. గ్రంథాలయం గడప తొక్కనివ్వని సమాజంలో ఒక నల్లజాతి స్త్రీ ఆనందాన్ని తన హక్కుగా తీసుకుంటే, అంతకన్నా రాజకీయం ఏముంటుంది? 1972లో, 80 ఏళ్ల వయసులో, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో సొంత ప్రదర్శన జరిగిన తొలి నల్లజాతి మహిళ ఆవిడ. ఆవిడ 1966లో వేసిన ‘రిజరెక్షన్’ 2015లో వైట్‌హౌస్ భోజనశాల గోడకెక్కింది.

ఇది మనకు సంబంధించిన చరిత్ర కూడా. పౌరహక్కుల ఉద్యమ ఫలాల్లో ఒకటి 1965 వలస చట్టం. దేశాలవారీ పాత కోటాలను అది రద్దు చేయబట్టే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ గడ్డ మీద కాలుపెట్టగలిగారు. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి కూడా న్యూయార్క్‌లో స్థిరపడి ప్రపంచానికి ముద్రణకళ నేర్పారు. 1968 పారిస్ విద్యార్థుల తిరుగుబాటు ఆయన చేతిలో ‘డెమాన్‌స్ట్రేటర్స్’గా అచ్చయింది.

మరి బొమ్మలు గీసే మన పిల్లలను మనం ఏమడుగుతున్నాం? కూచిపూడి భంగిమో, బతుకమ్మో, గుడి గోపురమో గీస్తేనే మన సంస్కృతి అని మెచ్చుకుంటున్నాం. అవీ గీయనిద్దాం. ఒక పిల్ల కాగితం నిండా నీలం పులిమి తెచ్చినా అంతే ప్రేమతో చూద్దాం. వాకిట్లో మెలికల ముగ్గు చూసి దీని అర్థమేమిటని మనం ఎన్నడూ అడగలేదు కదా!

వాషింగ్టన్ వెళ్తే స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంకు పిల్లల్ని తీసుకెళ్లండి. ప్రవేశం ఉచితం. గిలియం, థామస్‌ల చిత్రాలు ఆ సంగ్రహంలో ఉన్నాయి. ఏం గీయాలో ఎవరూ శాసించకూడదని వాళ్లు జీవితాంతం పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్ల దక్కిన స్వేచ్ఛను మన ఇళ్లలో పిల్లలకు ఇవ్వడం మనం తీర్చగల రుణం.

— సంపాదకవర్గం