ఆ పర్సు మీద గీతలు ఎవరివి?

వానలు పడితే చాలు, మధురవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "సెల్లార్‌లో పాము!" పక్కనే కంబాలకొండ అడవి. దాని అంచున ఇళ్లు కట్టింది మనం, "మనింట్లోకి దూరింది" అనేది పాముని! సరే, ఇప్పుడు చాలామంది కర్ర తీయకుండా పాములు పట్టేవాళ్లకి ఫోన్ చేస్తున్నారు. సంతోషం. కానీ అదే ఫోన్‌లో "ఒరిజినల్ స్నేక్ స్కిన్" పర్సు కనిపిస్తే ఆగి చూసేవాళ్లూ ఉన్నారు. నా గొడవ వాళ్లతోనే.

ఒకప్పుడు మన దేశం నుంచి పాము తోళ్లు లక్షల్లో ఎగుమతి అయ్యేవి. చెన్నై చుట్టుపక్కల వాటిని పట్టిచ్చేది ఇరులవాళ్లు. పొలాల్లో ఎలుకలు పట్టడంలో మన నెల్లూరు యానాదులెంత దిట్టలో, పాముల విషయంలో వీళ్లంత. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1976లో తోళ్ల ఎగుమతి ఆగింది. బాగుంది. మరి ఇరులవాళ్లు ఏం తినాలి?

మా సాఫ్ట్‌వేర్‌లో పాత సిస్టమ్ ఆపేసే ముందు దాన్ని వాడేవాళ్లకి కొత్త దారి చూపిస్తాం (చూపించాలి, కనీసం!). ఇక్కడ ఆ దారి 1978లో దొరికింది. రోములస్ విటేకర్ సాయంతో ఇరులవాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టడం, విషం తీయడం, మళ్లీ వదిలేయడం. ఆ విషంతోనే పాముకాటుకి మందు తయారవుతుంది. అంటే చచ్చిన పాము కన్నా బతికున్న పాముకే రేటు ఎక్కువైంది! ఆ ఇరులవాళ్లలోని వడివేల్ గోపాల్, మాసి సదైయన్ 2017లో కొండచిలువలు పట్టడానికి ఫ్లోరిడా వెళ్లొచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

ఉడుముకి మాత్రం ఇంకా తిప్పలే. కచేరీల్లో వాయించే కంజీరకి పాతకాలంలో ఉడుము తోలే బిగించేవాళ్లు. ఇప్పుడు మేక తోలుతోనూ, సింథటిక్‌తోనూ చేస్తున్నారు, పాట ఏమీ ఆగలేదు. ఉడుము షెడ్యూల్ 1 జంతువు, వేటాడితే కనీసం 3 ఏళ్లు జైలు. ఫ్యాషన్‌కైనా ఇదే మాట. షనెల్ లాంటి కంపెనీయే 2018లో పాము, మొసలి తోళ్లు ఇక వాడబోమని చెప్పేసింది.

కాబట్టి ఈసారి "ఒరిజినల్" అని కనిపిస్తే ఒక్క ప్రశ్న అడగండి: ఏ పాము? మన దేశపుదంటే అది నేరం. విదేశీ కొండచిలువ అంటే సైటీస్ పర్మిట్ చూపించమనండి. "అబ్బే, ప్రింటేనండీ" అంటే రేటు తగ్గించమనండి. అసలు జవాబే రాకపోతే స్క్రీన్‌షాట్ తీసి అటవీ శాఖకి పంపండి.